మరిది కన్నా నెమ్మదిగా దిగితే స్కీయింగ్ రానట్టేనా?

ప్రశ్న: మాది అనంతపురం. పెళ్లయినప్పటి నుంచి బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఉంటున్నాం. నాకు 38 ఏళ్లు. మూడేళ్లుగా ఫిబ్రవరిలో మా ఆయన, మరిది, తోడికోడలితో కలిసి గుల్మార్గ్ వెళ్లి స్కీయింగ్ చేస్తున్నాను. అన్నీ కలిపితే పదిహేను రోజులు మంచు మీద నిలబడి ఉంటాను. అందరికన్నా చివర దిగేది నేనే. ఎడమకి బాగానే తిరుగుతాను, కుడికి తిరగబోతే స్కీ జారిపోతుంది. పోయినసారి ఒకచోట గడ్డకట్టిన మంచు వచ్చింది. వాళ్లంతా పడుతూ లేస్తూ దాటారు. నేను సిగ్గు విడిచి అడ్డంగా నిలబడి పక్కకి జారుకుంటూ దిగాను. ‘వదినా, నువ్వు స్కీయింగ్ చేయట్లేదు, మెట్లు దిగుతున్నావ్’ అని మరిది ఇప్పటికీ ఏడిపిస్తాడు. చిన్నప్పుడు ఎనిమిదేళ్లు కూచిపూడి నేర్చుకున్నాను. ఏటా 10 కిలోమీటర్ల పరుగులో పాల్గొంటాను కాబట్టి ఫిట్‌నెస్‌కి లోటు లేదు. నేర్పినాయన ‘ఘుట్నే మోడో మేడమ్’ (మోకాళ్లు వంచండి) తప్ప ఇంకో మాట చెప్పలేదు. వచ్చే సీజన్‌లో గొండోలా (కేబుల్ కారు) రెండో దశ, అంటే ఇంకా పైనున్న ఫేజ్ 2కి వెళ్దామంటున్నారు. అసలు ఈ ఆటలో నాకు ఏది వచ్చో, ఏది రాదో తెలుసుకునేదెలా?

జవాబు: మీరు సిగ్గు విడిచి చేశానన్న ఆ పనికి స్కీయింగ్‌లో ఒక పేరుంది, సైడ్ స్లిప్ అని. స్కీలు రెండూ వాలుకి అడ్డంగా పెట్టి, చీలమండలు కాస్త లోయ వైపు వాల్చితే ఎడ్జ్‌ల (స్కీ అడుగున రెండు పక్కలా ఉండే లోహపు అంచులు) పట్టు సడలి జారతాం, కొండ వైపు వాల్చితే పట్టు బిగిసి ఆగుతాం. చెప్పడానికి ఇంతే. గడ్డ మంచు మీద చేయాలంటే మాత్రం ఎంత సడలిస్తే ఎంత జారుతుందో కాళ్లకి లెక్క తెలిసి ఉండాలి. దారి ఇరుకై, మంచు గడ్డకట్టిన చోట అనుభవమున్న ఇన్‌స్ట్రక్టర్లు కూడా ఇలాగే దిగుతారు. ఈసారి మీ మరిదిని ఒక పది మీటర్లు అలా దిగమనండి, బావిలోకి చేద దించినట్టు తిన్నగా, ముందుకీ వెనక్కీ కొట్టుకుపోకుండా. బరువు వేళ్ల మీదికి పోతే స్కీల ముక్కులు కిందికి తిరిగి ముందుకు పోతాం, మడమల మీదికి పోతే తోకలు జారి వెనక్కి పోతాం. వేగంగా దిగేవాళ్లలో చాలామంది గుట్టు ఇక్కడే బయటపడుతుంది.

కాబట్టి మీకు వచ్చినవాటి జాబితాలో మొదటి పద్దు ఇది. మిగతావి తేల్చుకోవాలంటే ముందు కొలబద్ద మార్చాలి. ఎండ కాసి, మంచు మెత్తగా ఉండి, స్లోప్ వెడల్పుగా ఉన్నప్పుడు అందరూ మొనగాళ్లే. వాలు, మంచు, వెలుతురు, ఒంట్లో సత్తువ, ఈ నాలుగింటిలో ఏదో ఒకటి చెడినప్పుడు మీ దగ్గర ఏది చెడకుండా నిలుస్తుందో అదే మీ బలం. ఏది ముందు కూలుతుందో అది పని చేయాల్సిన చోటు. ఎవరు ముందు దిగారన్నది ఈ లెక్కలోకి రాదు. 2022 బీజింగ్ ఒలింపిక్స్ జెయింట్ స్లాలమ్‌లో (జెండాల మధ్య మలుపులు తిరుగుతూ దిగే పందెం) మన గుల్మార్గ్ కుర్రాడు ఆరిఫ్ ఖాన్ 45వ స్థానంలో నిలిచాడు. ఆ రోజు మంచు కురుస్తూ కళ్లకి ఏమీ ఆనని స్థితి, పెద్ద పెద్ద దేశాల వాళ్లు చాలామంది కిందిదాకా రాలేకపోయారు. పూర్తి చేయడం కూడా ఒక విద్యే.

మిమ్మల్ని మీరు తూకం వేసుకునే ముందు అద్దె సామాన్లని తూకం వేయండి. సామాను లోపాన్ని తమ లోపమనుకుని ఏళ్ల తరబడి కుమిలేవాళ్లు ఈ ఆటలో ఎక్కువ. బూటు సైజు పాదం పొడవుని బట్టి సెంటీమీటర్లలో ఉంటుంది, 24, 24.5 అలా. చాలా కంపెనీల్లో ఈ రెంటికీ పై ప్లాస్టిక్ డొల్ల ఒకటే, కాబట్టి అర సైజు కోసం దుకాణంలో గొడవపడకండి. లోపలి మెత్తటి తొడుగు బయటికి తీసి, ఉత్త డొల్లలో పాదం పెట్టి, వేళ్లు ముందు తగిలేదాకా జరపండి. మడమ వెనక ఒకటిన్నర నుంచి రెండు సెంటీమీటర్ల ఖాళీ ఉంటే సరిపోయినట్టు. మూడు వేళ్లు దూరితే ఆ బూటు మీది కాదు. రద్దీలో తొడుగు తీయనివ్వకపోతే, బకిల్స్ బిగించి మోకాళ్లు ముందుకు నెట్టండి. వేళ్లు కాస్త వెనక్కి జరగాలి, మడమ మాత్రం లేవకూడదు. చలని చెప్పి రెండు జతల సాక్సులు వేసుకుంటే పాదం లోపల ఈదుతుంది, రక్తం ఆడక ఇంకా చల్లబడుతుంది. పలచటిది ఒక్కటి చాలు.

ఎడ్జ్ పదును చూడటానికి గోరు పైభాగాన్ని దాని మీద అడ్డంగా మెల్లగా గీయండి. సన్నటి పొడి రాలితే పదునుంది. రాలకపోతే వేరే జత అడగండి, గడ్డ మంచు మీద మొద్దు ఎడ్జ్‌తో ఎవరైనా జారతారు. మీ కుడి మలుపు సంగతిలో ఇంకో తేలికైన పరీక్ష ఉంది. సాధారణ స్కీలకి కుడి ఎడమ తేడా లేదు, రెండూ మార్చి తొడుక్కోండి. అప్పటిదాకా బయటి వైపున్న ఎడ్జ్‌లు లోపలికి వస్తాయి. కుడి మలుపు ఉన్నట్టుండి బాగుపడితే తప్పు ఎడ్జ్‌ది. మారకపోతే మీ ఎడమ కాలిది.

బైండింగ్ (బూటుని స్కీకి పట్టి ఉంచే భాగం) బిగించే దగ్గర మాత్రం నిజం చెప్పండి. పడ్డప్పుడు స్కీ ఎంత ఒత్తిడికి ఊడిపోవాలన్నది బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు, దాంతోపాటు మీరు ఏ రకం స్కీయర్ అన్నదాన్ని బట్టి పెడతారు. జాగ్రత్తగా నెమ్మదిగా దిగేవాళ్లు టైప్ 1, మధ్యరకం టైప్ 2, దూకుడుగా దిగేవాళ్లు టైప్ 3. పక్కన మరిది ఉన్నాడని మొహమాటపడి టైప్ 2 అని చెప్పారో, మెల్లగా మెలిపడి పడ్డప్పుడు స్కీ ఊడదు, మోకాలు మెలిపడుతుంది. మిమ్మల్ని మీరు ఎక్కువ అంచనా వేసుకున్నందుకు మోకాలి లిగమెంటు జరిమానా కట్టే చోటు అది. మీరు టైప్ 1. దుకాణంలో ఏమీ అడక్కుండా ఎగాదిగా చూసి తిప్పేస్తుంటే ఆపి, ఈ వివరాలన్నీ చెప్పి బిగించమనండి.

ఇప్పుడు ఆ కుడి మలుపు సంగతి. మీ ఉత్తరంలో అసలు సరుకు ఇదే కాబట్టి కాస్త తీరిగ్గా చూద్దాం.

ఎడమకి తిరిగేటప్పుడు బయటి వైపుండేది కుడి స్కీ. బరువంతా దాని మీద, దాని లోపలి ఎడ్జ్ మీద పడాలి. కుడికి తిరిగేటప్పుడు ఆ పని ఎడమ కాలిది. అంటే ‘ఎడమకి వస్తుంది, కుడికి రాదు’ అన్నదాని అర్థం, మీ కుడి కాలు బరువు మోయడం నేర్చుకుంది, ఎడమ కాలు ఇంకా నమ్మకం కుదరక తప్పించుకుంటోంది అని. తప్పించుకునే తీరు దాదాపు అందరిలోనూ ఒకటే. మలుపు మొదలుపెట్టగానే లోయ వైపు చూసి జంకు పుడుతుంది, ఒళ్లు కొండ వైపు వాలుతుంది, బరువు లోపలి కాలి మీదే ఉండిపోతుంది. మోసే బరువు లేని బయటి స్కీ అడ్డదిడ్డంగా జారిపోతుంది. మీరు రాసిన జారుడు అదే.

నిజమో కాదో మంచే చెబుతుంది. పొద్దున్నే, దువ్విన (యంత్రంతో చదును చేసిన) స్లోప్ మీద ఇంకా ఎవరూ తిరగని జాగా చూసుకుని మూడు ఎడమ మలుపులు, మూడు కుడి మలుపులు తిరిగి, పక్కకి ఆగి వెనక్కి చూడండి. ఎడమ మలుపుల్లో కుడి స్కీ వదిలిన జాడ చెయ్యి తిరిగినావిడ వేసిన ముగ్గు గీతలా సన్నగా, వంపు తెగకుండా ఉంటుంది. కుడి మలుపుల్లో ఎడమ స్కీ జాడ చీపురుతో ఊడ్చినట్టు వెడల్పుగా ఉంటుంది, దాని పక్కన లోపలి స్కీ గీత లోతుగా దిగి ఉంటుంది. బరువు ఎక్కడుందో ఆ లోతే సాక్ష్యం.

ఇంకో సాక్ష్యం కావాలంటే స్లోప్‌కి అడ్డంగా నెమ్మదిగా సాగుతూ పై వైపు స్కీని రెండు మూడు సెంటీమీటర్లు ఎత్తి, మూడు లెక్కపెట్టేదాకా ఉంచండి. ఎడమ దిక్కుకి పోతున్నప్పుడు కింది కాలు కుడిది, ఎత్తేది ఎడమది. ఇది మీకు వచ్చే అవకాశమే ఎక్కువ. దిక్కు మార్చి కుడికి పోతూ కుడి స్కీ ఎత్తబోయినప్పుడు ‘ఒకటి’ అనకముందే దించేస్తే తేలిపోయింది.

ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు. రాని మలుపునే పట్టుకుని రోజంతా కొట్టుకుంటారు. మీ దగ్గర పక్కనే బడి పెట్టుకున్నంత మంచి ఎడమ మలుపు ఉంది కదా, దాన్నే పంతులుగా పెట్టుకోండి. బాగా తేలికైన వాలు మీద ఒక ఎడమ మలుపు వీలైనంత నెమ్మదిగా తిరిగి, మూడు సంగతులు గుర్తుపెట్టుకోండి. కుడి అరికాలిలో ఒత్తిడి ఎక్కడ తగిలింది? బొటనవేలి మూలం నుంచి పాదం వంపు దాకా తగిలి ఉండాలి. కాలి ముందెముక బూటు నాలుకని ఎంత గట్టిగా ఒత్తింది? కుడి చెయ్యి ఎక్కడుంది? వెంటనే కుడికి తిరుగుతూ ఆ మూడింటినీ ఎడమ వైపు వెతకండి. ఏది దొరకలేదో అదే పాఠం.

అది కుదరడానికి, పిజ్జా ముక్క ఆకారంలో, ముక్కులు దగ్గరగా తోకలు దూరంగా స్కీలు పెట్టి కుడికి తిరుగుతూ, ఎడమ చేత్తో ఎడమ మోకాలి బయటి వైపు తాకండి. చెయ్యి కిందికి పోతే భుజం పోతుంది, భుజంతో బరువూ బయటి స్కీ మీదికి చేరుతుంది. ఆరు మలుపులు అలా చేశాక చెయ్యి మామూలుగా పెట్టి, మలుపు సగం దాటాక కుడి స్కీ తోకని ఒక అంగుళం లేపండి, ముక్కు మంచు మీదే ఉండనివ్వండి. స్కీ మొత్తం ఎత్తేయాలని చూడకండి, ఎత్తే హడావిడిలో ఒళ్లు మళ్లీ కొండ వైపుకే వాలుతుంది. వరసగా ఐదు కుడి మలుపుల్లో తోక లేచి ఉంటే ఎడమ కాలికి నమ్మకం వచ్చేసినట్టే. ఒక పూటలో రాకపోవచ్చు, రెండు మూడు పూటలు పడుతుంది. రోజుకి ఇరవై నిమిషాలు మించి దీని మీద పెట్టకండి. విసుగొస్తే పాత అలవాటే గట్టిపడుతుంది.

‘ఘుట్నే మోడో’ అన్నాయన మాట తప్పు కాదు, సగం మాట. మోకాళ్లు మాత్రమే వంచితే తుంటి వెనక్కి పోయి కుర్చీలో కూర్చున్నట్టవుతుంది, స్కీల ముక్కులు తేలిపోతాయి, తిప్పితే తిరగవు. తొడలు మండిపోతాయి కూడా. ముందు వంగాల్సింది చీలమండ. బూటు నాలుకకీ కాలి ముందెముకకీ మధ్య పది రూపాయల నోటు పెడితే దిగినంత సేపూ జారిపోకూడదు అనుకోండి, మోకాలూ తుంటీ వాటంతట అవే సర్దుకుంటాయి. మీ చీలమండ అసలు అంత వంగుతుందా అన్నది ఇంట్లోనే చూడొచ్చు. వట్టి కాళ్లతో గోడకి ఎదురుగా, బొటనవేలికీ గోడకీ మధ్య 10 సెంటీమీటర్లు ఉండేలా పాదం పెట్టి, మడమ లేపకుండా మోకాలితో గోడని తాకండి. రెండు కాళ్లకీ చూడండి. ఎడమది తక్కువ వంగితే, ఎప్పుడో బెణికిన చీలమండే మీ కుడి మలుపుని పాడు చేస్తూ ఉండొచ్చు. వంపు తక్కువున్నవాళ్లకి బూట్లో మడమ కింద చిన్న దిమ్మ వేస్తే తేడా తెలుస్తుంది.

ఇక కూచిపూడి. దాన్ని మీరు ఉత్తరంలో మాటవరసకి రాసినట్టున్నారు, నిజానికి అది మీ పెద్ద ఆస్తి. ఎనిమిదేళ్లు అరమండిలో నిలబడిన తొడలకి వంగి నిలబడే ఓర్పు ఉంటుంది. ఒక కాలి నుంచి ఇంకో కాలికి బరువు తేలిగ్గా మార్చడం, లయ తప్పకపోవడం పెద్దయ్యాక మంచు మీద కొత్తగా నేర్చుకోవాలంటే నెలలు పట్టే పనులు. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. అరమండిలో మోకాళ్లు బయటికి తెరుచుకుంటాయి. స్కీ మీద మోకాలు పాదం వెళ్లే దిక్కుకే, రెండో వేలికి నేరుగా ఉండాలి. బయటి కాలి మోకాలు విచ్చుకుంటే ఆ స్కీ బల్లపరుపుగా పడిపోయి ఎడ్జ్ వదిలేస్తుంది. మీ ఎడమ మోకాలు అలా విచ్చుకుంటోందేమో వీడియోలో తప్పక చూడండి. చూపు సంగతి కూడా తిరగేయాలి. చెయ్యి వెళ్లిన చోటికి చూపు వెళ్లాలని నాట్యంలో నేర్పుతారు. ఇక్కడ చూపు ముందు పోవాలి, తర్వాతి మలుపు ఎక్కడ మొదలవుతుందో అక్కడికి. స్కీల ముక్కులని చూస్తూ దిగేవాళ్లకి వాలు ఎప్పుడూ ఆశ్చర్యమే.

లయ ఎంత నిలుస్తుందో చూడటానికి ఆదితాళం వేసుకోండి. ఎనిమిది అక్షరాలు, మలుపుకి నాలుగు చొప్పున. మధ్యస్థమైన వాలు మీద ఒకే సైజు మలుపులు పది తిరగండి. లెక్క ఎక్కడ తప్పిందో అక్కడ వాలు మిమ్మల్ని భయపెట్టిందన్నమాట. బహుశా ప్రతిసారీ కుడి మలుపు ముందు ఒక అక్షరం సాగుతుంది.

పరుగు విషయంలో మాత్రం మిమ్మల్ని కాస్త నిరుత్సాహపరచాలి. 10 కిలోమీటర్లు పరిగెత్తే గుండె, ఊపిరితిత్తులు 2,650 మీటర్ల ఎత్తులో ఉన్న గుల్మార్గ్‌లో పనికొస్తాయి, సందేహం లేదు. అయినా 900 మీటర్ల చిల్లర ఎత్తులో ఉండే బెంగళూరు నుంచి విమానమెక్కి వెళ్లిన మొదటి రోజు ఎవరికైనా ఆయాసమే. ఆ రోజు ఏ పరీక్షా పెట్టుకోకండి. అసలు తేడా తొడల దగ్గర ఉంది. చదునైన దారి మీది పరుగులో తొడలు ఎక్కువగా ముందుకు తోస్తాయి. స్కీయింగ్‌లో బరువు మోస్తూ సాగుతాయి, అంటే బ్రేకులా పనిచేస్తాయి. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కిన రోజు ఏమీ కాదు, నడిచి దిగిన మర్నాడు మంచం దిగడానికి గోడ పట్టుకోవాలి. మీ ఫిట్‌నెస్ మీ బలాల్లో సగం పద్దు. మిగతా సగం కింద చెప్పిన ఇంటిపనితో నింపుకోవచ్చు.

ఆగడం ఒక్కటే చూడాల్సిన ఇంకో పెద్ద సంగతి. చెట్టు నీడో, స్తంభమో ఒక గురుతు పెట్టుకుని, దానికి ఒక స్కీ పొడవు అటూ ఇటూ లోపల, రెండు స్కీలూ అడ్డం తిప్పి ఆగాలి. ఐదుసార్లు ఎడమకి, ఐదుసార్లు కుడికి. రెండు వైపులా ఐదింట నాలుగు పడితే, మీరు నెమ్మదిగా దిగుతున్నది భయంతో కాదు, ఇష్టంతో అని అర్థం. ఈ రెంటికీ ఉన్న తేడా మీ మరిదికి కనబడదు, మీకు కనబడాలి. ఆగడం రాక, తప్పనిసరై పిజ్జాలో జారుకుంటూ దిగుతుంటే ఆ నెమ్మది బలం కాదు. ‘నేను ఎప్పుడూ పడను’ అని గర్వపడేవాళ్లలోనూ ఈ రెండు రకాలూ ఉంటారు.

రోజు ఆఖరి రన్‌లో మాత్రం కొత్తదేదీ ప్రయత్నించకుండా ఒళ్లు ఏం చేస్తోందో గమనించండి. కొందరికి ముందు చేతులు తుంటి దగ్గరికి పడిపోతాయి, కొందరు కుర్చీలో కూర్చుంటారు, కొందరికి పిజ్జా తిరిగొస్తుంది. మీకు ఏది ముందు వస్తుందో తెలిస్తే, అది కనబడ్డ రన్‌తోనే ఆ రోజు ముగించొచ్చు. ఎప్పుడు చాలించాలో తెలిసినవాళ్లు కొండ మీద తక్కువ.

రాసుకోకపోతే ఇవన్నీ బెంగళూరు చేరేసరికి ‘బాగా జరిగింది’ అన్న ఒక్క మాటగా మిగులుతాయి. గొండోలా క్యాబిన్‌లో కూర్చున్న ఆ కొద్ది నిమిషాల్లో ఫోన్‌లో మాటలతో రికార్డు చేసుకోండి: మంచు ఎలా ఉంది, వెలుతురు ఎలా ఉంది, ఇది ఎన్నో రన్, ఏది నిలిచింది, ఏది ముందు పోయింది. ఫోన్ లోపలి జేబులో ఉండాలి, చలికి బ్యాటరీ చప్పున పడిపోతుంది. వీడియో తీయమని మీ తోడికోడల్ని అడగండి, మరిదిని వద్దు, వ్యాఖ్యానం చేస్తాడు. ఇరవై సెకన్లవి రెండు చాలు, స్లోప్ అంచున నిలబడి కింది నుంచి ఒకటి, వెనక నుంచి ఒకటి. కెమెరాలో ఎంతటి వాలైనా చదునుగా కనబడుతుంది కాబట్టి ‘ఇంతేనా’ అనిపిస్తుంది, పట్టించుకోకండి. చేతులు, బయటి మోకాలు, మలుపు చివర బరువు, ఈ మూడే చూడండి.

ఇన్‌స్ట్రక్టర్‌ని ‘ఎలా చేస్తున్నాను?’ అని అడిగితే ‘బహుత్ అచ్ఛా’ అనే వస్తుంది. ‘నా ఎడమ మలుపులో ఉన్నదేది కుడిలో లేదు?’ అని అడిగి చూడండి. ఆయన కూడా అప్పటిదాకా చూడనట్టు చూస్తాడు.

ఇంటిపని. మంచు లేని ఊళ్లో ఏం సాధన అనుకోకండి, ఖేలో ఇండియా వింటర్ గేమ్స్‌లో క్రాస్ కంట్రీ స్కీయింగ్‌లో కర్ణాటకకి పతకాలు తెచ్చిన భవాని తెక్కడ కొడగు మనిషి. మీ అపార్టుమెంటు మెట్లు చాలు. మెట్టు అంచున ఎడమ కాలి మీద నిలబడి, కుడి మడమ కింది మెట్టుని తాకేదాకా నాలుగు లెక్కపెడుతూ దిగి, బరువు వేయకుండా తిరిగి లేవాలి. మోకాలు లోపలికీ బయటికీ పోకూడదు. కాలికి ఎనిమిది చొప్పున మూడు దఫాలు, ఎడమ కాలికి ఇంకో దఫా అదనం, వారానికి మూడు రోజులు. దాంతోపాటు బళ్లో శిక్షగా వేయించిన గోడకుర్చీ, 45 సెకన్లు నాలుగుసార్లు, చివరి పది సెకన్లు ఒక్కో కాలి మీద. ఏదో ఒక ఆదివారం నంది కొండ మెట్లదారి నడిచి ఎక్కి, నడిచే దిగండి. వెయ్యికి పైగా ఉన్న ఆ మెట్ల దిగుడే మీకు కావాల్సింది. ఇన్‌లైన్ స్కేట్స్ నేర్చుకోవడానికి తీరిక ఉంటే బయటి కాలి మీద బరువు వేయడం దానితోనూ అలవడుతుంది, మోకాలి, మణికట్టు తొడుగులు లేకుండా మాత్రం వద్దు. డిసెంబరు మొదటికల్లా మొదలుపెట్టాలి, ఎనిమిది వారాల కన్నా తక్కువైతే తొడలకి పెద్దగా తేడా తెలియదు. నడుస్తున్నప్పుడో, దిగుతున్నప్పుడో ఎడమ మోకాలు నొప్పి పెడితే ఆపి ఫిజియోథెరపిస్టుకి చూపించండి.

ఫేజ్ 2 గురించి మా మాట సూటిగానే చెబుతాం: ఈసారికి వద్దు. గొండోలా రెండో దశ మిమ్మల్ని గుల్మార్గ్ పైనున్న అఫర్వత్ కొండ మీద దాదాపు 3,950 మీటర్ల దగ్గర దించుతుంది. అక్కడి వాలుల్లో ఎక్కువ భాగం దువ్వనివి. లోతు మంచులో పిజ్జా పనిచేయదు, స్కీలు రెండూ చెరోవైపు మంచులో కూరుకుపోతాయి. బయటి కాలి మీద బరువంతా వేసే పద్ధతి కూడా అక్కడ కొంత మార్చుకోవాలి, రెండు కాళ్ల మీదా దాదాపు సమంగా ఉండాలి, లేకపోతే బరువున్న స్కీ మునిగిపోతుంది. అంటే మీరు ఇప్పుడు నేర్చుకోబోయేది గట్టిపడకముందే దానికి సవరణ నేర్చుకోవాల్సి వస్తుంది. మంచుచరియల సంగతి వేరే చెప్పాలా? 2023 ఫిబ్రవరిలో అఫర్వత్ మీద చరియ విరిగి పోలండ్ స్కీయర్లు ఇద్దరు చనిపోయారు. గస్తీ బృందం చూసుకునే హద్దు దాటాలంటే గైడు, ఒంటి మీద బీకన్ (మంచులో కూరుకుపోతే జాడ తెలిపే సంకేత పరికరం), సంచిలో పార, ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ), వాటిని వాడటం వచ్చిన తోడు ఉండాలి. మీ వాళ్ల దగ్గర ఇవి ఉన్నాయో లేదో మీరే అడగండి. అడిగే మనిషి ఒకరు ఉండటం ఆ జట్టుకి అవసరం, మీ ఉత్తరాన్ని బట్టి ఆ మనిషి మీరే.

ఎప్పుడు వెళ్లొచ్చంటే, వేర్వేరు మంచు ఉన్న రెండు రోజుల్లో, గొండోలా మొదటి దశ ఆగే కాంగ్‌డోరి నుంచి గుల్మార్గ్ దాకా ఉన్న సుమారు 400 మీటర్ల దిగుడులో, తాళం తప్పకుండా పది మలుపులు, రెండు వైపులా కోరిన చోట ఆగడం, ఇవి మధ్యాహ్నం ఆఖరి రన్‌లో కూడా నిలిచినప్పుడు. ఆ తర్వాత కూడా కొత్త మంచు పడిన మర్నాడు కిందనే, తేలిక వాలు మీద లోతు మంచు రుచి చూసి, అప్పుడు గైడుతో పైకి.

ఈ ఫిబ్రవరికి వాళ్లు పైకి వెళ్తామంటే వెళ్లనివ్వండి. రెండో దశకి వరసలో నిలబడి, ఎక్కి, కిందికి వచ్చేలోపు మీకు కాంగ్‌డోరి నుంచి తేలిగ్గా రెండు రన్‌లు పడతాయి. కుడి మలుపులు మాత్రమే లెక్కపెట్టుకోండి, తోక లేచినవి ఎన్ని, లేవనివి ఎన్ని.